కరెంటు వచ్చింది, చిల్లర్ లేవలేదు

మా హన్మకొండ ఇంట్లో సముద్రపు చేపల తొట్టిని నాలుగు వేసవులుగా చల్లగా ఉంచుతున్న చిల్లర్ గురించి ఇది. చల్లబరచడంలో దానికి వంక పెట్టడానికి లేదు. మొదటి వేసవిలో బయట 44 డిగ్రీలు కాసిన రోజుల్లో కూడా తొట్టి నీరు 26 దాటలేదు. నా కోపమంతా దాని ముఖాన చిటికెనవేలి గోరంత ఉన్న ఒక బటన్ మీద. కరెంటు పోయి వచ్చాక ఎవరో ఒకరు వెళ్లి ఆ బటన్ నొక్కితే తప్ప యంత్రం లేవదు. ఇంట్లో మనిషి లేకపోతే అలాగే పడుకుని ఉంటుంది. గాలివాన మబ్బు కనబడితే చాలు, కరెంటు పోయే ఊళ్లో, అదీ మే నెలలో.

మొదటి వేసవిలో ఇదే చిల్లర్‌ను అడిగినవారికీ అడగనివారికీ పొగిడాను. కరీంనగర్‌లో పనిచేసే మా బ్యాంకు సహోద్యోగి ఒకాయన నా మాట మీదే ఇదే రకం కొన్నారు. ఆ పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవలసి ఉంది కనుక ఇప్పుడైనా రాస్తున్నాను.

తొట్టి ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. దాని కింద అలమరలో సంపు ఉంది. సంపంటే ఇంటి ముందు తవ్వించేది కాదు, నీటిని వడకట్టే సామానంతా ఉండే రెండో గాజు పెట్టె. రెండూ కలిపితే 600 లీటర్లు. మొదటిసారి నింపినప్పుడు 21 కిలోలకు పైగా ఉప్పు కరిగించాను. అది చూసి మా అత్తమ్మ పదేళ్లకు సరిపడా ఆవకాయ పెట్టవచ్చని అన్నారు. చేపలు నాలుగు, అన్నీ సీతాకోక చేపల కుటుంబానివే: పొడవైన తెల్లని వీపు రెక్క ఉన్న హెనియోకస్ జంట, ఒక ఎర్రతోక సీతాకోక చేప, ఒక ఆరిగా. లాటిన్‌లో ఆరిగా అంటే రథం తోలేవాడు. దాని వీపు రెక్క చివర కొరడాలా ఒక పోగు సాగి ఉంటుంది. అర్థం చెప్పగానే మా బాబు దానికి సారథి అని పేరు పెట్టాడు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో ఎవరూ చెప్పరు. ఎనిమిది చారల సీతాకోక చేప చూడటానికి బంగారంలా ఉంటుంది, ధర కూడా తక్కువ. కానీ అది బతికేది పగడాల పురుగులను తిని. పగడాలేమో మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులితో సమానం. ఇంట్లో పెట్టుకుంటే నేరం. అంటే ఆ చేపను కొనడమంటే డబ్బిచ్చి పస్తులు పెట్టడమే. మా తొట్టిలో ఉన్నవి పింగాణీ రాళ్లు. మా నాలుగు చేపలూ తురిమిన సముద్రపు రొయ్య, ఆల్చిప్ప మాంసం తింటాయి. సారథి మాత్రం మొదటి పది రోజులు ముట్టలేదు. చివరికి తెరిచిన ఆల్చిప్పను చిప్పతో సహా రాతి సందులో ఇరికిస్తే వచ్చి పొడవడం మొదలుపెట్టింది.

ఇక ఆ బటన్ సంగతి.

2023 మే. జగిత్యాలలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. శుక్రవారం అర్ధరాత్రి దాటాక గాలిదుమారం వచ్చింది, రెండు గంటలకు కరెంటు పోయింది, ముప్పావు గంటలో వచ్చింది. ఐదింటికి లేచాం. ఇల్లంతా పట్టుచీరలు, సంచులు, టిఫిన్ డబ్బాలు. తొట్టి దీపం టైమరు మీద ఉంటుంది, ఇంకా వెలగలేదు. సంపులోకి నీళ్లు దిగే చప్పుడు వినిపిస్తోంది కనుక అన్నీ నడుస్తున్నాయనుకున్నాను. పంపు లేచింది, నురుగు తీసే స్కిమ్మర్ లేచింది. అలమర తలుపు తెరిచి కిందికి చూస్తే చిల్లర్ మీద అంకె ఉండాల్సిన చోట రెండు చిన్న గీతలు కనిపించేవి. తెరవలేదు. కిటికీలన్నీ మూసి తాళం వేసి బయలుదేరాం.

మాది పై అంతస్తు. మధ్యాహ్నం మూడు దాటితే స్లాబు కింద చేయి పైకెత్తినా సెగ తగులుతుంది. తాళం చెవి కింది వాటా వదినకు ఇచ్చి, రోజుకు ఒకసారి ఒక చెంచా మేత వేయమన్నాను. శనివారం సాయంత్రం ఆమె వచ్చేసరికి నాలుగు చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయట. ఆకలి మీద ఉన్నాయని జాలిపడి ఇంకో రెండు చెంచాలు వేసింది. ఆమె తప్పేమీ లేదు, నేను చెప్పి ఉండాల్సింది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. మిగిలిపోయిన మేత కుళ్లుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేస్తుంది.

ఆదివారం రాత్రి పదింటికి వచ్చాం. చెప్పులు విప్పకుండానే చూశాను: 33.4. హెనియోకస్‌లు రెండూ నీటి పైపొర కింద మూతులు ఆనించి ఉన్నాయి. ఎర్రతోక ఒక మూల ఒరిగి ఉంది. సారథి పంపు నీళ్లు పడే గొట్టం ఎదుట నిలబడి, మొప్పలు క్షణం ఆగకుండా కొట్టుకుంటూ, ఒళ్లంతా బూడిద రంగుకు తిరిగింది. దీపం ఆరాక సీతాకోక చేపలు రంగు మసకబరచుకోవడం మామూలే. ఆ రాత్రి ఆ బూడిద రంగు నిద్రదో ప్రాణం పోతున్నదో తేల్చుకోలేక టార్చి పట్టుకుని నిలబడిపోయాను.

బటన్ నొక్కాను. చిల్లర్ ఏమీ ఎరగనట్టు గుర్రుమంటూ లేచింది.

చిల్లర్ ఒక్కటే అయితే తెల్లారినా సరిపోదు. అలాగని ఒక్కసారిగా చల్లబరిస్తే ఆ కుదుపుకే చేపలు పోతాయి. గంటకు ఒక డిగ్రీ దిగితే చాలని అనుకున్నాను. గొట్టం మూతిని పైకి తిప్పి నీటి పైపొర కదిలేలా చేశాను. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన లీటరు సీసాలు ఐదు ఉంటే ఒక్కొక్కటే సంపులో వేశాను. అప్పుడు అత్తమ్మ తన గదిలోంచి బల్ల ఫ్యాను మోసుకొచ్చి, అలమర తలుపు తీసి, సరిగ్గా సంపు నీటి మీదికి గాలి తగిలేలా పెట్టారు. "ఐసు ఎన్నని వేస్తావు బిడ్డా, రంజనుకు గాలి తగిలితేనే కదా నీళ్లు చల్లబడేది" అన్నారు. నేను అంతగా పట్టించుకోలేదు, అడ్డు కూడా చెప్పలేదు.

రాత్రి రెండింటికి 31. తెల్లారేసరికి 28.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. లీటరు ఐసు సీసా పూర్తిగా కరిగితే 600 లీటర్ల నీటిలో డిగ్రీలో ఐదోవంతు కూడా దిగదు. అంటే నా ఐదు సీసాలూ కలిసి లాగింది ఒక డిగ్రీ లోపే. అదే ఒక లీటరు నీరు ఆవిరైపోతే మిగిలిన నీటి నుంచి దాదాపు ఒక డిగ్రీ వేడిని తీసుకుపోతుంది. మన మే నెల గాలి పొడిగా ఉంటుంది కనుక ఫ్యాను కింద నీరు ఆవిరి కావడానికి ఎంతోసేపు పట్టదు. మేం కూలరు పెట్టుకునేదీ, మట్టి రంజను నీళ్లు తాగేదీ ఆ ఒక్క సూత్రం మీదే. అన్ని వేలు పోసి యంత్రం కొన్న నాకు ఏడాదిన్నరగా అది తట్టలేదు.

ఎర్రతోక మూడో రోజు చనిపోయింది. మిగతా మూడూ తేరుకున్నాయి. సారథి తోక దగ్గర మాత్రం ఒక రెక్క అంచు ఇప్పటికీ చిరిగే ఉంది.

అమ్మినవారిని అడిగితే అది లోపం కాదు, రక్షణ ఏర్పాటు అన్నారు. కరెంటు వచ్చీరాగానే కంప్రెసర్ లేస్తే కాలిపోతుందట. ఆ మాట నిజమే. ఫ్రిజ్‌కూ ఏసీకీ స్టెబిలైజర్ మూడు నిమిషాలు ఆపి వదిలేది అందుకే. కానీ మూడు నిమిషాలు ఆగడం వేరు, నేను జగిత్యాల నుంచి వచ్చేదాకా ఆగడం వేరు. ఇదే ధరలో కరెంటు వచ్చాక తమంతట తాము లేచే చిల్లర్లు కూడా ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. కొనేముందు దుకాణంలోనే పరీక్షించండి. నడుస్తుండగా ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, చేతులు కట్టుకుని ఐదు నిమిషాలు నిలబడండి. మొహమాటపడకండి, నేను పడ్డాను.

ఇన్వర్టర్ మీద పెట్టొచ్చు కదా అని చాలామంది అన్నారు. మా ఇంటి ఇన్వర్టర్ రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు మోసేది. కంప్రెసర్ లేచేటప్పుడు లాగే కరెంటుకు అది చేతులెత్తేసింది. ఇప్పుడు దాని మీద నీటి పంపు, గాలి పంపు మాత్రమే ఉన్నాయి.

ఆ వారంలోనే సంపుకు సొంతంగా ఒక ఫ్యాను కొన్నాను. చెవి తిప్పితే తిరిగే పాత పద్ధతిది. రిమోటు ఫ్యాన్లు కూడా కొన్ని కరెంటు పోయి వస్తే ఆగిపోయే ఉంటాయి కనుక కావాలనే దాన్ని వెతికి తెచ్చాను. వేడిని బట్టి దాన్ని వేసి ఆపే చిన్న పెట్టె ఒకటి తగిలించాను. 27 దాటితే ఫ్యాను, 28 దాటితే చిల్లర్. ఏప్రిల్‌లో చిల్లర్ రోజుకు పది గంటలు గుర్రుమనేది ఇప్పుడు మూడు నాలుగు గంటలు మించడం లేదు. కరెంటు బిల్లు పై స్లాబులోకి ఎగబాకడం కూడా తగ్గింది. ఇంకో లాభం నేను ఊహించనిది. చిల్లర్ నీటిలోంచి లాగిన వేడినంతా హాలులోకే వదులుతుంది. పెద్దగా చప్పుడు చేయదని మొదటి ఏడాది అందరికీ చెప్పుకున్నాను కానీ, దాని పక్కన సోఫాలో ఎవరూ కూర్చోవడం లేదన్న సంగతి చెప్పలేదు.

ఇంత చెప్పాక ఫ్యాను గుణదోషాలు కూడా చెప్పకపోతే మళ్లీ పాత తప్పే చేసినట్టు. జూలైలో ముసురు పట్టిందంటే అది పనికిరాదు. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు నీరు ఆవిరి కాదు, ఎంత తిరిగినా అర డిగ్రీ తగ్గితే గొప్ప. అదృష్టవశాత్తూ ఆ రోజుల్లో అంత వేడీ ఉండదు. మేలో మాత్రం రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్లు ఆవిరైపోతుంది. ఉప్పు ఎటూ పోదు కనుక, ఆ మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. మా బోరు నీళ్లు ఈ పనికి పనికిరావు, నల్లా నీళ్లను ఆర్‌ఓలో వడకట్టి పోస్తాను. ఒకసారి ఆడిటు పనిలో పడి నాలుగు రోజులు మరిచిపోతే వెయ్యి పాళ్లకు 35 ఉండాల్సిన ఉప్పు కొలత 37 దాటింది. పైగా ఆ గాలికి ఉప్పు తుంపరలు ఎగిరి స్విచ్చుబోర్డు మీద తెల్లగా పేరుకుంటాయి. మొదటి ఫ్యాను ఇనప జాలీ ఏడాదికే తుప్పుపట్టి రాలింది. అందులోంచి ఒక తునక సంపులో పడి ఉంటే చూసి తీసేశాను. ఇప్పుడున్నది పూర్తిగా ప్లాస్టిక్‌ది.

మరి చిల్లర్ కొనాలా? నేనైతే మళ్లీ కొంటాను, ఇదే రకం మాత్రం కాదు. మా హాలు పడమటి ఎండకు ఎదురుగా ఉంది, తల మీద స్లాబు, పగలంతా ఇంట్లో అత్తమ్మ ఒక్కరే. ఆరిగా లాంటి నలతకే మేత మానేసే చేపకు 30 డిగ్రీలు దాటనివ్వకూడదు. కింది అంతస్తులో, ఉత్తరపు గదిలో, ఒక్క హెనియోకస్ జంటనే పెంచుకునేవారు ముందు ఒక ఏప్రిల్, ఒక మే ఫ్యానుతో చూసి, థర్మామీటరు అంకెలు పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు. అవి గట్టి పిండాలు. మా ఇంట్లో 33 డిగ్రీలను తట్టుకున్నాయి కదా అని మాత్రం నన్ను సాక్ష్యం పెట్టకండి.

కరీంనగర్ సహోద్యోగికి మొన్న ఫోను చేసి, నా మాట మీద కొన్నందుకు క్షమించమని ఈ బటన్ కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. వాళ్ల అపార్ట్‌మెంటుకు జనరేటర్ ఉందట, కానీ అది అందుకునేలోపు చిల్లర్ ఆగుతుంది కదా అన్నాను. ఒక్క క్షణం ఆగమన్నారు, అలమర తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

"రెండు గీతలున్నాయండీ" అన్నారు.