వేవర్ వరుసా, వంద డాలర్ల పాటా? మా ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో ఏది మార్చాలి

ఫిబ్రవరిలో అరిజోనా, ఫ్లోరిడాల్లో స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలైందో లేదో, మా వాట్సాప్ గ్రూపులో పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది: "ఈసారైనా రోటో మానేసి హెడ్ టు హెడ్‌కి వెళ్దామా?" నిజమైన ఆటగాళ్లను పంచుకుని ఉత్తుత్తి టీమ్‌లు కట్టి, మైదానంలో వాళ్లు సాధించిన అంకెలతో పోటీ పడే ఆట ఇది. రోటో అంటే సీజన్ మొత్తం అంకెల్లో ఎవరి స్థానాన్ని బట్టి వాళ్లకి పాయింట్లు, హెడ్ టు హెడ్ అంటే వారానికొకరితో ముఖాముఖి. డాలస్ చుట్టుపక్కల ఉండే పన్నెండు మందిమి ఆరేళ్లుగా ఆడుతున్న లీగ్ మాది. ఆఖరి స్థానంలో వచ్చినవాడు అందరికీ బిర్యానీ పెట్టించాలి. కమిషనర్‌ని నేనే, ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి. వేరే లీగ్‌ల స్నేహితులు కూడా ఇదే అడుగుతుంటారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఒక మాట. స్కోరింగ్ గురించి మేం గంటలు గంటలు వాదించుకున్నాం గానీ, మాటలు మానేసేంత గొడవలు ఈ ఆరేళ్లలో రెండే జరిగాయి. రెండూ వేవర్ దగ్గరే, అంటే సీజన్‌కి ముందు ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో మిగిలిపోయినవాళ్లని తర్వాత తీసుకునే దగ్గరే. అందుకే మార్చాల్సింది అడిగితే నా దృష్టి ముందు అక్కడికే పోతుంది. అయినా అడిగింది రోటో గురించి కాబట్టి దాని సంగతి కూడా చూద్దాం.

రోటో అసలైన ఆట. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన స్నేహితులు న్యూయార్క్‌లో మొదలుపెట్టింది ఇదే. వాళ్లు కలుసుకునే 'రోటిసరీ' రెస్టారెంట్ పేరే ఆటకీ పడింది. (మాదీ బిర్యానీ సెంటర్లోనే పుట్టింది. మేం మాత్రం ఆ పేరు పెట్టుకోలేదు.) 162 మ్యాచ్‌ల సీజన్ మొత్తం లెక్కలోకి వస్తుంది కాబట్టి అదృష్టం పాలు తక్కువ, గెలిచినవాడు నిజంగానే గెలిచినట్టు. చిక్కల్లా జూలైలో. పన్నెండు టీమ్‌లు, పది కేటగిరీలు (హోమ్ రన్స్, స్టోలెన్ బేస్‌ల్లాంటి అంకెలు), ఒక్కోదాంట్లో మొదటివాడికి పన్నెండంటే గరిష్ఠంగా 120 పాయింట్లు. జూలై మధ్యలో 35 దగ్గర ఉన్నవాడికి ఇక లైనప్ పెట్టాలన్న బుద్ధే పుట్టదు. మా లీగ్‌లో కిందటేడు ఆగస్టుకల్లా నాలుగు టీమ్‌లు అలా పాడుబడిపోయాయి. గాయపడి పడుకున్నవాళ్లు నెలరోజులు ఫస్ట్ బేస్‌లో అలాగే ఉన్నారు.

హెడ్ టు హెడ్‌లో ప్రతి సోమవారం లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. తొమ్మిదో స్థానంలో ఉన్నవాడు కూడా ఆదివారం రాత్రి ఒక స్టోలెన్ బేస్ కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తాడు. కానీ దీనిలోనూ ఒక మెలిక ఉంది. రోటోలో ఒకడు టీమ్ వదిలేస్తే ఆ నష్టమో లాభమో దాదాపు అందరికీ పంచుకుపోతుంది. ఇక్కడైతే వదిలేసిన టీమ్‌తో సెప్టెంబర్‌లో ఎవరికి మ్యాచ్ పడితే వాళ్లకి ఊరికే విజయం. అందుకని హెడ్ టు హెడ్ పెట్టుకునేవాళ్లు వారానికి ఒక్క గెలుపు, ఒక్క ఓటమి అన్నట్టు కాకుండా ప్రతి కేటగిరీనీ విడిగా లెక్కేసుకోవాలి. 3-7తో ఓడేవాడికి ఆ మూడూ మిగులుతాయి, చివరిదాకా పని ఉంటుంది. ఇంకోటి, ఫైనల్‌ని సెప్టెంబర్ ఆఖరి వారంలో పెట్టకండి. ప్లేఆఫ్ బెర్త్ ఖాయమైన టీమ్‌లు అప్పటికి స్టార్లను కూర్చోబెట్టేస్తాయి. ఒక వారం ముందే ముగించండి. ఈ రెండు షరతుల మీద నా ఓటు హెడ్ టు హెడ్‌కే, మనసు మాత్రం రోటో దగ్గరే ఉంది.

ఇక అసలు విషయం.

మాది మొన్నటిదాకా 'ముందొచ్చినవాడిదే' పద్ధతి. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆటగాడిని ఎవరు ముందు నొక్కితే వాళ్లకే. 2024 మేలో పిట్స్‌బర్గ్ టీమ్ వాళ్లు పాల్ స్కీన్స్ అనే కుర్ర పిచర్‌ని మేజర్స్‌లోకి, అంటే పై స్థాయి లీగ్‌లోకి పిలుస్తున్నారని వార్త వచ్చింది. మా వాళ్లెవరూ అతన్ని ముందుగా దాచిపెట్టుకోలేదు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. బయటికొచ్చి ఫోన్ తీసేసరికి అయిపోయింది. తీసుకున్న స్నేహితుడు అప్పుడు ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నాడు, పొద్దస్తమానం ఫోన్ చేతిలోనే. "ఏం రా, పనీపాటా లేనివాడికే స్కీన్స్ దక్కాలా?" అని ఒకడు గ్రూపులో అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గానీ, బెంచ్ మీద ఉన్నవాడికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో చెప్పక్కర్లేదు. స్కీన్స్ ఆ ఏడు 1.96 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మంచిది) 11 గెలిచాడు. మా ఇద్దరు స్నేహితులు దసరా దాకా మాట్లాడుకోలేదు.

రెండో గొడవ ఇండియా ట్రిప్ మూలంగా. బడులకి సెలవులిచ్చాక మాలో ఇద్దరు ముగ్గురు కుటుంబాలతో ఊరెళ్తారు. ఆర్లింగ్టన్‌లో సాయంత్రం 7:05 మ్యాచ్ అంటే విజయవాడలో మర్నాడు తెల్లవారి 5:35. మా తోడల్లుడు అక్కడ నిద్ర లేచేసరికి ఇక్కడ ఏదో టీమ్‌లో క్లోజర్ (ఆధిక్యం కాపాడి మ్యాచ్ ముగించే పిచర్) మారిపోతాడు, కొత్త క్లోజర్‌ని ఎవరో ఎత్తుకుపోతారు. "మీరంతా మెలకువగా ఉంటారు, నేను పెళ్లి భోజనాల్లో ఉంటాను, ఇదేం ఆట బావా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

సరేనని ఒక ఏడాది వేవర్ వరుస పెట్టాం, అంటే మిగిలిన ఆటగాళ్లని తీసుకోవడానికి వంతులన్నమాట. ఒకసారి వాడుకుంటే వరుసలో ఆఖరికి పోతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. జరిగిందేమిటంటే, ఒకటో నంబర్ ఉన్నవాడు దాన్ని వాడితే పోతుందని ఏప్రిల్ నుంచి జూన్ దాకా లాకర్లో బంగారంలా దాచుకున్నాడు. తక్కినవాళ్లూ అదే దారి పట్టారు. అన్నేళ్లలో అంత చప్పగా ఎప్పుడూ ఆడలేదు. వారంవారం అట్టడుగు టీమ్‌కి మొదటి అవకాశం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఓడినందుకు బహుమతి ఇచ్చినట్టుందని నాకు నచ్చదు.

అందుకే నా ప్రతిపాదన ఫాబ్. సీజన్ మొత్తానికి ఒక్కొక్కరికీ వంద ఉత్తుత్తి డాలర్లు, కావాల్సిన ఆటగాడికి గుట్టుగా బిడ్. మన చీటీ పాటలా ఎదురెదురుగా కూర్చుని పెంచుకుంటూ పోవడం కాదు, సీల్డ్ టెండర్. బిడ్‌లు బుధవారం, ఆదివారం రాత్రుల్లోనే తెరుచుకుంటాయి కాబట్టి విజయవాడలో ఉన్నవాడూ, మీటింగ్‌లో ఉన్నవాడూ, బెంచ్ మీద ఉన్నవాడూ సమానమే. ఎవరికెంత అవసరమో డబ్బే చెబుతుంది.

ఇబ్బందులు లేవని కాదు. కిందటేడు పక్క లీగ్‌లో దీన్ని ఆడి చూశాను. ఒక క్లోజర్ కోసం 31 పెట్టాను. నా తర్వాతి బిడ్ 4. మూడు వారాల్లో అతని క్లోజర్ పని కూడా ఊడింది. ఆ గ్రూపులో ఇప్పటికీ నన్ను 'ముప్ఫై ఒకటి గారు' అనే పిలుస్తారు. జూలైకల్లా డబ్బంతా అయిపోయేవాళ్లూ ఉంటారు, కాబట్టి సున్నా డాలర్ల బిడ్‌కి అనుమతివ్వాలి. ఇద్దరు ఒకే మొత్తం పెడితే పట్టికలో కిందున్నవాడికి ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది సెట్టింగ్స్‌లో ఒక మూల ఉంటుంది. ఫాబ్ అని ఎంచుకుని అక్కడితో ఆగిపోతే, ఎవరి దగ్గరా లేని ఆటగాళ్లు చాలామంది అప్పుడూ ముందొచ్చినవాడికే దొరుకుతుంటారు. అందరినీ ఎప్పుడూ వేవర్‌లోనే ఉంచేలా, అంటే బిడ్‌తోనే దొరికేలా పెట్టకపోతే ఇంత చేసీ దండగ.

మిగతావి గబగబా. యావరేజ్ (బ్యాటింగ్ సగటు) తీసేసి ఆన్ బేస్ (హిట్, వాక్ లాంటివాటితో బేస్ చేరే రేటు) పెట్టడం: నేను ఒప్పుకుంటాను. 2023లో బ్యాటర్ కైల్ ష్వార్బర్ .197 కొట్టాడు, కానీ 126 వాక్స్‌తో (కొట్టకుండానే, నాలుగు చెడ్డ బంతులకి దొరికే బేస్) ఆన్ బేస్ .343, పైగా 47 హోమ్ రన్స్. అలాంటివాణ్ని భారంగా చూసే లెక్కలో ఏదో లోపమున్నట్టే. క్రికెట్ నుంచి వచ్చిన మావాళ్లకి సగటు మీద మమకారం పోదు, అది వేరే సంగతి. క్లోజర్లకి దక్కే సేవ్స్‌కి, వాళ్లకంటే ముందొచ్చి ఆధిక్యం కాపాడే పిచర్ల హోల్డ్స్ కలపడం మంచిదే. ఒక్కో పనికి ఇన్ని పాయింట్లని కలిపేసే పాయింట్స్ లీగ్ నాకు రుచించలేదు. కీపర్లు, అంటే కొందరు ఆటగాళ్లని వచ్చే ఏడాదికీ అట్టేపెట్టుకోవడం, వద్దు. ఒకడు ఉద్యోగం మారి లీగ్ వదిలేస్తే ఆ ముసలి టీమ్‌ని ఎవరి నెత్తిన పెట్టాలి? బ్యాటింగూ పిచింగూ రెండూ చేసే ఓతాని ఒక్కడా ఇద్దరా అన్నది మాత్రం డ్రాఫ్ట్‌కి ముందే తేల్చుకోండి. కొన్ని సైట్లలో బ్యాటర్‌గా ఒకడు, పిచర్‌గా ఒకడు, కొన్నిట్లో ఇద్దరూ ఒకడే.

ఏ మార్పుకైనా పన్నెండులో ఎనిమిది ఓట్లు రావాలి, సీజన్ మధ్యలో ఏదీ మార్చకూడదు అన్నది మా నియమం. ఫాబ్‌కి ఇప్పటికి ఏడు వచ్చాయి. స్కీన్స్‌ని ఎత్తుకుపోయినవాడు వద్దన్నాడు. తోడల్లుడు మళ్లీ ఊళ్లో ఉన్నాడు, అక్కడ ఇంకా తెల్లవారలేదు.