పోర్ట్ బ్లెయిర్‌కు ఎక్కడి నుంచి వెళ్లడం మేలు: హైదరాబాదా, చెన్నైయా, విశాఖా?

గత నెలలో మేము అండమాన్ వెళ్లివచ్చినప్పటి నుంచి బంధువులూ స్నేహితులూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పటంలో విశాఖపట్నం అంత దగ్గరగా కనిపిస్తుంటే, హైదరాబాద్ నుంచి ఎందుకు వెళ్లారని. దూరం మాటకు వస్తే వారన్నది నిజమే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖ నుంచి ఆకాశమార్గాన సుమారు 1,220 కిలోమీటర్లు, చెన్నై నుంచి 1,365, హైదరాబాద్ నుంచి 1,660 కిలోమీటర్లు ఉంటుంది.

అయితే విమానానికి మూడు వందల కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. అది గాలిలో ఇరవై, ఇరవై అయిదు నిమిషాల తేడా మాత్రమే. చెన్నై నుంచి రెండు గంటలకు కాస్త పైగా పడితే, హైదరాబాద్ నుంచి నేరుగా రెండున్నర గంటల లోపే చేరుకోవచ్చు. అదే హైదరాబాద్‌వారు చెన్నైలో విమానం మారితే, మధ్యలో వేచి ఉండే సమయంతో కలిపి సగం రోజు గడిచిపోతుంది. వర్షాకాలంలో పై ఎత్తున తూర్పు గాలులు బలంగా వీస్తాయి కనుక వెళ్లేటప్పుడు మరికొన్ని నిమిషాలు అదనంగా పట్టవచ్చు.

నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది దూరమూ కాదు, ప్రయాణ సమయమూ కాదు, అక్కడ దిగే వేళ. అండమాన్ మనకు ఎంతో తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువల్ల డిసెంబరులో అయిదున్నరకే తెల్లవారి, సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది. నాలుగేళ్ల క్రితం మొదటిసారి వెళ్లినప్పుడు చెన్నైలో విమానం మారి, మధ్యాహ్నం మూడు దాటాక దిగాము. సామాను తీసుకుని, గదికి చేరి, పిల్లలకు అన్నం పెట్టి బయటకు వచ్చేసరికి సముద్రం నల్లబడి, తీరం వెంట దీపాలు వెలిగి ఉన్నాయి. ఆ రోజు హేవ్‌లాక్ దీవికి వెళ్లే పడవ అప్పటికే వెళ్లిపోయింది. ఈసారి హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయలుదేరి పొద్దెక్కకముందే దిగాము కనుక, అదే రోజు మధ్యాహ్నానికి హేవ్‌లాక్ ఇసుక మీద ఉన్నాము. అందుకే నేరు విమానం, అందునా ఉదయపుది దొరికితే, టికెట్టు కొంత ఎక్కువైనా దానినే తీసుకోమని చెబుతున్నాను. చెన్నై చుట్టుపక్కల ఉన్నవారికి, నెల్లూరు, తిరుపతివారికి చెన్నై ఉదయపు విమానమే సరైనది.

విశాఖ నుంచి నేరు విమానం నడుస్తున్న రోజుల్లో ఉత్తరాంధ్రవారు వేరే ఆలోచన చేయనవసరం లేదు. అది లేనప్పుడు అక్కడి నుంచి నేరుగా వెళ్లడానికి మిగిలేది ఓడ. అది రెండు రోజులకు పైగా ప్రయాణం. పైగా ఓడలు తరచుగా ఉండవు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి అండమాన్ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఇంటిసామానుతో ఓడలో రావడంలో అర్థముంది. నాలుగు రోజుల సెలవుతో వెళ్లేవారికి అది కుదరదు. కోల్‌కతా మీదుగా వెళ్లడం మనకు చుట్టుదారి.

తిరుగు ప్రయాణానికి ఈ పట్టింపు అక్కరలేదు. ఇంటికి ఏ వేళకు చేరినా పోయేదేమీ ఉండదు కనుక, అప్పుడు చెన్నై మీదుగా తక్కువ ధరకు దొరికే టికెట్టునే తీసుకోవచ్చు. మేమూ అలాగే వచ్చాము.