ఆహార జాలం పాఠానికి నల్లమలా, కోరింగా?

నల్లమల అడవిలో గడ్డిని దుప్పులు, దుప్పులను పులులు తింటాయి కనుక ఏది దేనికి ఆహారమో చూపే ఈ జాలాన్ని బాణం గుర్తులతో నల్లబల్లమీద గీయడం తేలిక. అయితే పిల్లలు దానిని నిచ్చెనలా బట్టీపట్టి, నేలలోని చెదలను, శిలీంధ్రాలను మరచిపోతారు.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో ఆ మరపు సాధ్యం కాదు. అక్కడ రాలిన ఆకులను పీతలు కొంతవరకు నేరుగా తిన్నా, మిగిలినవి బురదలో బాక్టీరియా, శిలీంధ్రాలు పట్టి కుళ్ళి, ఆ తుక్కే రొయ్యలకు, చిన్న చేపలకు మేతవుతుంది. ఆ చేపలను కొంగలు, నీటికుక్కలు, బావురుపిల్లులు వేటాడతాయి. పీతల పులుసు తినే గోదావరి పిల్లలు ఆ జాలంలో తామూ ఒక పోగేనని వెంటనే గుర్తుపడతారు.

ప్రాథమిక తరగతులకు నల్లమల చాలు. చచ్చినవాటిని, రాలినవాటిని కుళ్ళబెట్టే విచ్ఛిన్నకారుల పాత్ర చెప్పవలసిన ఉన్నత తరగతులకు కోరింగనే ఎంచుకుంటాను, పటం గజిబిజిగా తయారైనా సరే.