పదకొండేళ్ల వాడకం తరువాత: పాత మోటారుసైకిలుకు టెస్టు ల్యాంపు, మల్టీమీటరు

12 వోల్టుల వైరింగుకు మార్పించుకున్న నా 1984 మోడలు 350 సీసీ మోటారుసైకిలు సైడు డబ్బాలో పదకొండేళ్లుగా రెండు పరికరాలు ఉంటున్నాయి. ఒకటి మామూలు డిజిటల్ మల్టీమీటరు. రెండోది 21 వాట్ల ఇండికేటరు బల్బు, హోల్డరు, రెండు గజాల వైరు, రెండు క్లిప్పులు కలిపి నేను చేసుకున్న టెస్టు ల్యాంపు. కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు ముందుగా తీయవలసింది రెండోదే.

ఒక సాయంత్రం శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక ఇంజను, హెడ్‌లైటు, హారను ఒక్కసారిగా ఆగిపోయాయి. రాత్రిపూట వాహనాలను వదలని అడవి దారి కనుక వ్యవధి తక్కువ. అన్నీ కలిసి పోయాయంటే లోపం స్పార్కు పుట్టించే కాయిల్‌లోనో బల్బులోనో కాక, అన్నింటికీ ఉమ్మడిగా కరెంటు అందే చోట, అంటే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్తు, ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, అక్కడికి వెళ్లే ప్రధాన వైరు, వీటిలోనే వెతకాలి. కాయిల్ కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉండే పాయింట్లు మూసుకుని ఉండగా తాళం ఆన్‌లో ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది కాబట్టి, ఆఫ్‌లోనే ఉంచి మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, ఫ్యూజు దాటాక 12.5, స్విచ్‌కు వచ్చే వైరు దగ్గర కూడా 12.5. స్విచ్చే పోయిందనుకుని దాన్ని విప్పడంలో అరగంట గడిచిపోయింది. అది శుభ్రంగా ఉంది.

అప్పుడు టెస్టు ల్యాంపు తీశాను. ఫ్యూజు దగ్గర ధగధగా వెలిగిన బల్బు, స్విచ్ దగ్గర మాత్రం లోపలి తీగ కాస్త ఎర్రబడి ఊరుకుంది. హ్యాండిలు తిరిగే చోట వైరు తొడుగు కోసి చూస్తే, రాగి పోగులు తెగి, పచ్చని చిలుము పొడిలో ఒకదానికొకటి ఆనీ ఆనకుండా ఉన్నాయి. మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కనుక చిలుము గుండా కూడా పూర్తి వోల్టేజీ చూపింది, 1.75 ఆంపియర్లు కావలసిన బల్బుకు ఆ దారి చాలలేదు. ఫ్యూజు అవతలి కొస నుంచి స్విచ్‌కు వేరే వైరు కలిపి బయలుదేరాను. ఫ్యూజును తప్పించి బ్యాటరీ నుంచి నేరుగా కలిపితే వైర్లు అంటుకునే ప్రమాదం ఉంది. ఎంత తొందరైనా ఆ పని చేయకూడదు.

ఫ్యూజు వేసిన వెంటనే కాలిపోతుంటే, దాని స్థానంలో ఈ బల్బునే కలుపుతాను. షార్టు ఉన్నంతసేపు అది నిండుగా వెలుగుతుంది. వైర్లను ఒక్కొక్క చోట కదుపుతూ పోతే, షార్టు విడిపోగానే మందగిస్తుంది. వెనక మడ్‌గార్డు కింద ఒరుసుకుపోయిన టెయిల్ ల్యాంపు వైరు నాకు ఇలాగే దొరికింది.

మల్టీమీటరు అవసరం లేదని కాదు. ఛార్జింగు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉందో లేదో బల్బు చెప్పలేదు. అయితే మీటరు లోపలి బ్యాటరీ బలహీనపడితే అంకెలను నమ్మకూడదు. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ యూనిట్ ఉన్న బండ్లలో ఆ యూనిట్ వైర్లకు టెస్టు ల్యాంపు తగిలించవద్దు, యూనిట్ దెబ్బతినవచ్చు. ఇక బండి అదురుకు ఇప్పటికి మూడు బల్బులు పోయాయి. నాలుగోదాన్ని సైకిలు ట్యూబు ముక్కలో చుట్టి పెట్టాను.