డిక్కీలో తడి, పైన నిమ్మకాయ సెంటు: ఆ కార్ స్పాకి వెళ్ళేముందు ఇది చదవండి

విజయవాడలో కారున్నవాళ్ళకి ఆ కార్ స్పా గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఇన్‌స్టాలో రోజుకో రీలు, నురగ, నీలం లైట్లు, చివర్లో తళతళలాడే సీటు. పేరు రాయను. రాస్తే నోటీసు పంపిస్తారట, ఆ ముక్క కూడా మొహం మీదే చెప్పారు. కారు లోపల తడి చేరిందని ఎవరైనా అక్కడికి తీసుకెళ్ళబోతుంటే మాత్రం కాస్త ఆగండి.

జరిగింది ఇదీ. సూర్యలంక బీచ్‌కి వెళ్ళాం. పిల్లల తడిబట్టలు, ఇసుకతో సహా తువ్వాళ్ళు అన్నీ మా మరిది తెచ్చి డిక్కీలో కుక్కేశాడు. వాటి పక్కనే బాపట్లలో కొన్న రొయ్యల థర్మోకోల్ పెట్టె, నిండా ఐసు. మూతకి టేపు గట్టిగానే వేశారు, అడుగున పగులుందని ఎవరు చూస్తారు? ఇల్లు చేరేసరికి రాత్రయింది. రొయ్యలు మాత్రం అందరికీ గుర్తున్నాయి, తువ్వాళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత కారు తలుపు తీస్తే నీచు వాసన, దాని మీద ముక్కిన వాసన. పెద్దాపిడ కారెక్కనని భీష్మించుకున్నారు.

స్పాకి ఇచ్చాను. 3,500 రూపాయలు. బిల్లు మీద "ఇంటీరియర్ డీప్ క్లీనింగ్, యాంటీ బ్యాక్టీరియల్ ట్రీట్‌మెంట్" అని ఉంది. సముద్రపు నీళ్ళు, ఐసు నీళ్ళు కారాయి, డిక్కీ మ్యాట్ కిందకి దిగాయి అని కౌంటర్‌లో నా నోటితో నేనే చెప్పాను. రాసుకున్న అబ్బాయి తల కూడా ఊపాడు. సాయంత్రం కారిచ్చారు. తలుపు తీయగానే నిమ్మకాయ వాసన గుప్పుమంది. కౌంటర్‌లో అమ్మాయి క్యూఆర్ కోడ్ చూపించి, "ఇప్పుడే ఫైవ్ స్టార్ ఇస్తే రెండొందలు తగ్గిస్తాం మేడమ్, రెండు ముక్కలు రాయండి చాలు" అంది. రాశాను. "సూపర్ సర్వీస్, కొత్త కారులా ఉంది" అని. డిక్కీ మ్యాట్ ఎత్తి చూసిందెవరు? నాకు ఆ రెండొందలు కనిపించాయి.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీశాను. నిమ్మకాయ ఎటుపోయిందో తెలీదు, రొయ్యలు మాత్రం తిరిగొచ్చాయి. డిక్కీ మ్యాట్ లాగి, కింద అట్ట ఎత్తి చూస్తే స్టెప్నీ గుంటలో నీళ్ళు నిలిచున్నాయి. ఆ నీళ్ళ మీద నురగ. ఐసు పెట్టెకి నురగ రాదు కదండీ, అది వాళ్ళ షాంపూ నురగ! అంటే మ్యాట్ మీద షాంపూ కొట్టి, ఉన్న తడికి ఇంకాస్త తడి చేర్చి, పైన సెంటు చల్లి, తీసుకెళ్ళమన్నారన్నమాట.

అటునించి అటే వెళ్ళాను. ఓనరు ఏసీ గదిలో ఉన్నాడు. ఫోన్లో తీసిన వీడియో చూపించాను. అతను వీడియో వంక సరిగ్గా చూడను కూడా చూడకుండా, "మేడమ్, మీరు వాసన పోవాలన్నారు. డెలివరీ అప్పుడు వాసన ఉందా? లేదు. తడి తీయమని మీరు చెప్పలేదు, అది వేరే ప్యాకేజీ" అన్నాడు. తడి తీయకుండా వాసనెలా పోతుందయ్యా అన్నాను. దానికి జవాబు లేదు. తన ఫోను తీసి, నెమ్మదిగా ఏదో వెతికి, నా మొహం ముందు పెట్టాడు. నా రివ్యూ. నా ఫోటో, ఐదు చుక్కలు, "సూపర్ సర్వీస్, కొత్త కారులా ఉంది". పక్కనున్న కుర్రాళ్ళకి వినపడేలా పైకి చదివాడు కూడా. చదివి, "మీరే రాశారుగా మేడమ్. ఇప్పుడొచ్చి గొడవంటే ఎలా? ఒకసారి సార్‌ని పంపించండి, ఆయనకి చెప్తే అర్థమవుతుంది" అన్నాడు.

సార్‌ని పంపించాలట! కారు నాది, ఈఎంఐ నాది, డబ్బులు పోయింది నావి. సార్ వచ్చి ఏం అర్థం చేసుకోవాలి? కుర్రాళ్ళు నవ్వుకున్నారు. 3,500 పోతే పోయాయి, ఆ నవ్వు మాత్రం ఇంకా దిగట్లేదు. నా మాటలతోనే నన్ను కొట్టాడు, ఆ మాటలు నేను అమ్ముకున్నాను, అదీ 200కి. శభాష్ నేను.

చివరికి ఆటోనగర్‌లో సీట్ కవర్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చేసిన మొదటి పని సీట్లు ఊడదీసి కార్పెట్ ఎత్తడం. కార్పెట్ కింద మందంగా ఫెల్ట్ అనే దూదిలాంటి పొర ఉంటుంది. పైన పొడిగా అనిపించినా నీళ్ళన్నీ అందులోనే ఉంటాయి. పిండితే కారాయి. "సముద్రపు నీళ్ళు ఊరికే ఆరబెడితే లాభం లేదమ్మా, ముందు మంచినీళ్ళతో ఉప్పంతా కడిగెయ్యాలి" అన్నాడు. ఉప్పు మిగిలితే వానాకాలం ఉప్పుజాడీలాగా గాలిలో చెమ్మ పీల్చుకుని మళ్ళీ తడిసిపోతుందట. ఇనుము తుప్పు పట్టడం కూడా అక్కడే మొదలవుతుందట. మా జాకీకి అప్పటికే పట్టింది. స్టెప్నీ గుంట అడుగున రబ్బరు బిరడా ఉంటే అది పీకి నీళ్ళు వదిలేసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఫెల్ట్ బయట ఎండలో ఆరబెట్టించాడు. సీట్ల కింద వైర్ల కనెక్టర్లు ఉంటాయి, తడి అక్కడిదాకా వెళ్తే ఖర్చు వేలల్లో ఉంటుందని కూడా చెప్పాడు. ఇదంతా సెంటు సీసా లేకుండానే అయింది.

మీకు చెప్పేది కొంచెమే. తడిబట్టలు తప్పనిసరైతే గట్టిగా పిండి, మూతున్న ప్లాస్టిక్ టబ్బులో పెట్టండి, ఆ రాత్రే బయటకి తీయండి. ఒకటి రెండు రోజులు తడిగా ఉంటే చాలు, బూజు మొదలవుతుంది. థర్మోకోల్ పెట్టెనైతే టబ్బులో కూర్చోబెట్టకుండా డిక్కీ ఎక్కించొద్దు. నీళ్ళు కారితే మ్యాట్ పైన తుడిచి ఊరుకోకుండా ఎత్తి చూడండి. దారిలో ఏసీ వేస్తే లోపలి గాలే తిరిగే బటన్ ఆపేసి బయటి గాలి రానివ్వండి. వంటసోడా చల్లితే వాసన కాస్త తగ్గుతుంది గానీ తడి తీయదు. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఇంత నీటికి ఏ మూలకీ చాలవు. సర్వీసుకి ఇస్తే బిల్లు మీద "కార్పెట్ ఎత్తి ఆరబెట్టాలి" అని రాయించుకోండి, డబ్బులిచ్చే ముందు ఫెల్ట్‌ని చేత్తో నొక్కి చూడండి. రివ్యూ వారం తర్వాత రాసుకోవచ్చు, కొంపలేం మునిగిపోవు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను, బిల్లూ వీడియో నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రివ్యూ ఒక్క స్టార్‌కి మార్చేశాను. తగ్గించిన రెండొందలు వెనక్కి కావాలంటే వచ్చి తీసుకెళ్ళమనండి, సార్‌తో పంపించను, నా చేత్తోనే ఇస్తాను.