పింగాణీ పళ్లెం మీద బొమ్మలు: ఏ రంగు మేలు?

తెల్లటి పింగాణీ పళ్లెం కొని దాని మీద కలంకారీ నెమలో, చుక్కల ముగ్గో వేద్దామనుకునేవాళ్లకి స్టేషనరీ షాపులో ముందుగా చేతికొచ్చేది యాక్రిలిక్ రంగు. చవక, చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది, నీళ్లు కలిపితే చాలు. అయితే రంగు కొనేముందే ఒక విషయం తేల్చుకోవాలి. ఆ పళ్లెం గోడకెక్కుతుందా, లేక అందులో ఎవరైనా తింటారా? మిగతా నిర్ణయాలన్నీ దీని వెనకే వస్తాయి.

పళ్లెం మెరుపు నిజానికి గాజు మెరుపే. మట్టి మీద గ్లేజ్ పూసి కాలిస్తే అది కరిగి గాజు పొరగా అతుక్కుంటుంది. కాగితంలోకి, గుడ్డలోకి ఇంకినట్టు రంగు గాజులోకి ఇంకదు. కాబట్టి చూడాల్సింది ఒక్కటే: మన రంగు ఆ గాజుకి పైన ఉందా, కింద ఉందా.

యాక్రిలిక్ పూర్తిగా పైనే ఉంటుంది. గోరుతో గీకితే లేస్తుంది. పైన వార్నిష్ కొడితే కొన్నాళ్లు ఆగుతుంది కానీ సబ్బు నీళ్లు, స్క్రబ్బర్ నాలుగుసార్లు తగిలాక అంచుల దగ్గర పొరలు పొరలుగా ఊడుతుంది. సీసా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. బొమ్మలు వేసుకునేటప్పుడు చేతికంటినా ప్రమాదం లేదని దాని అర్థం. ఆ రంగు మీద వేడివేడి సాంబారు పోసుకోవచ్చని కాదు. గోడకు తగిలించే పళ్లేనికి, పిల్లల సెలవుల కాలక్షేపానికి యాక్రిలిక్ చాలు. అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంట్లో ఓటీజీ (కేకులు, రొట్టెలు కాల్చుకునే చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఓవెన్‌లో కాల్చే సిరామిక్ రంగు. పెబియో కంపెనీ పోర్సలేన్ 150 వీటిలో బాగా తెలిసిన రకం. పేరులోని 150 కాల్చాల్సిన వేడి, సెల్సియస్‌లో. బొమ్మ వేశాక 24 గంటలు ఆరనివ్వాలి. చల్లటి ఓవెన్‌లో పెట్టి స్విచ్ వేసి, వేడి 150కి చేరాక అక్కడి నుంచి 35 నిమిషాలు లెక్కపెట్టాలి. అయ్యాక పళ్లెం లోపలే చల్లారాలి, తొందరపడి బయటికి తీస్తే పగిలే ప్రమాదం ఉంది. చిక్కల్లా ఓటీజీ నాబ్‌తోనే. అది చూపించే వేడికీ, లోపలున్న వేడికీ చాలాసార్లు పొంతన ఉండదు. వేడి చాలకపోతే రంగు గట్టిపడదు, మరీ ఎక్కువైతే రంగులు గోధుమ వైపు తిరుగుతాయి. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు. మామూలు మైక్రోవేవ్ దీనికి పనికిరాదు. వేడిగాలితో ఓవెన్‌లా కాల్చే కన్వెక్షన్ మోడ్ ఉంటే అందులో చేయొచ్చు.

దీనిలో నాకు నచ్చేది దిద్దుకునే వీలు. కాల్చేదాకా ఎన్నిసార్లయినా తడి ఇయర్‌బడ్‌తో తుడిచి మళ్లీ వేయొచ్చు. మొదలుపెట్టే ముందు పళ్లేన్ని స్పిరిట్‌తో తుడవడం మాత్రం మానొద్దు. వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టకుండా ముడుచుకుపోతుంది. కలంకారీ లాంటి సన్నగీతలకు బ్రష్ కన్నా ఇదే రకం రంగుతో వచ్చే పెన్నులు హాయి. మామూలు పర్మనెంట్ మార్కర్‌తో రాసి ఓవెన్‌లో పెడితే చాలంటూ వీడియోలు తిరుగుతుంటాయి, నమ్మకండి. కొన్ని కడుగుళ్లకే వెలిసిపోతుంది.

కాల్చాక ఈ రంగు కడుగుడికి బాగానే ఆగుతుంది. కానీ ఆగడం వేరు, తిండికి తగలడం వేరు. అన్నం పడే మధ్యభాగం వదిలేసి అంచు వెనకవైపు వేసుకోవచ్చు. లేదంటే ఓవెన్‌లో పెట్టదగిన గాజు పళ్లెం తీసుకుని అడుగున వేయండి. అప్పుడు వరస తిరగబడుతుంది: ముందు గీతలు, తర్వాత నింపుడు, చివర బ్యాక్‌గ్రౌండ్. పైనుంచి చూస్తే బొమ్మ గాజు కింద మెరుస్తుంది, తిండికి రంగు అంటదు.

మూడోది ఆన్‌గ్లేజ్, అంటే చైనా పెయింటింగ్. గ్లేజ్ అయిపోయిన పళ్లెం మీద ఖనిజ రంగుల పొడిని నూనెతో నూరి వేసి, కిల్న్‌లో, అంటే పింగాణీ కాల్చే బట్టీలో, సుమారు 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాలుస్తారు. గ్లేజ్ కాస్త మెత్తబడి రంగును పట్టుకుంటుంది. గులాబీ రేకుల్లోని లేత ఛాయలు, బంగారు అంచు ఇందులో వచ్చినట్టు ఇంకెక్కడా రావు. అందానికి మొదటి మార్కు దీనికే. కానీ రంగు ఇంకా గాజు పైనే ఉంది, ఈ రంగుల్లో సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు వాడిన చరిత్రా ఉంది. సరిగ్గా కాలని రంగులోంచి వాటిని బయటికి లాగేది పులుపు. చింతపండు పులుసు, ఆవకాయ, నిమ్మకాయ పులిహోర రోజూ వడ్డించే మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. బంగారు అంచు పళ్లెం మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, అది ఇంకో తలనొప్పి. కిల్న్ అందుబాటులో లేని కొత్తవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇక తినే పళ్లేనికి నా ఓటు అండర్‌గ్లేజ్‌కే. ఒకసారి సుమారు 1000 డిగ్రీల దగ్గర కాల్చి, ఇంకా గ్లేజ్ వేయని పళ్లేన్ని బిస్క్ అంటారు. దాని మీద రంగు వేసి, పైన పారదర్శకమైన గ్లేజ్ పూసి మళ్లీ కాలుస్తారు. రంగు గాజు కిందికి పోతుంది. చెంచా గీతలు, స్క్రబ్బర్ దాన్ని తాకలేవు. చైనాలోని జింగ్‌దెజెన్ నీలం-తెలుపు పింగాణీ శతాబ్దాల తర్వాత కూడా మాయకుండా ఉండటానికి కారణం ఇదే.

కష్టం లేకపోలేదు. బిస్క్ కొత్తగా సున్నం వేసిన గోడలా నీటిని పీల్చేస్తుంది. కుంచె ఆనించగానే గీత ఆరిపోతుంది, దిద్దుకోవడం కష్టం. పైగా వేసేటప్పుడు కనిపించే రంగు వేరు, కాలాక వచ్చేది వేరు. కోబాల్ట్ ఆక్సైడ్ నల్లగా ఉంటుంది, గ్లేజ్ కింద కాలాకే నీలంగా మారుతుంది. ఇంట్లో కిల్న్ ఉండదు కాబట్టి పాటరీ స్టూడియోకి వెళ్లాలి, కాల్చినందుకు విడిగా కట్టాలి, పళ్లెం చేతికి రావడానికి రోజులు పడుతుంది.

రంగు గాజు కింద ఉన్నంత మాత్రాన ఆ గాజు కూడా మంచిదేనని అనుకోకూడదు. జైపూర్ బ్లూ పాటరీనే చూడండి. అది మామూలు కుండల మట్టి కాదు, క్వార్ట్జ్ రాయి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి కలిపిన ముద్ద. కృపాల్ సింగ్ షెకావత్ లాంటి కళాకారులు దానికి మళ్లీ ప్రాణం పోశారు, ఆయనకు 1974లో పద్మశ్రీ వచ్చింది. పనితనానికి వంక పెట్టలేం. కానీ సంప్రదాయ పద్ధతిలో గ్లేజ్‌లో సీసం కూడా పడేది. అందుకే కొనేటప్పుడైనా, స్టూడియోలో చేయించేటప్పుడైనా గ్లేజ్ సీసం లేనిదేనా, తినడానికి పనికొస్తుందా అని మొహమాటం లేకుండా అడగండి.

గృహప్రవేశానికో పెళ్లికో ఇచ్చే పళ్లెం విషయంలో ఇంకాస్త జాగ్రత్త పడాలి. మీరు ఏ రంగు వాడారో తీసుకున్నవాళ్లకి తెలియదు, పండగొస్తే అందులోనే లడ్డూలు సర్దుతారు. యాక్రిలిక్‌తో గానీ ఓవెన్ రంగుతో గానీ మధ్యలో బొమ్మ వేసి ఉంటే, వెనక హుక్కు అతికించి, పక్కనే ‘అలంకరణకు మాత్రమే’ అని రాసి ఇవ్వండి.