వాగులు దాటే బండికి ఏ హబ్ మేలు: విప్పి గ్రీజు పెట్టుకునేదా, సీల్డ్ యూనిటా?

వాగులు, చిత్తడి దారులు తరచూ దాటే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో చక్రాల బేరింగులను నీటి నుంచి కాపాడుకోవడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. పాత మహీంద్రా జీపుల ముందు చక్రాల్లో ఉన్నట్టు, విప్పి కడిగి మళ్లీ గ్రీజు నింపుకోగల టేపర్ రోలర్ బేరింగులను (ఒక వైపుకు సన్నబడే రోలర్లున్న బేరింగులను) వాడుకోవడం ఒకటి. ఇప్పటి ఎస్‌యూవీల్లో చాలావాటికి వస్తున్న, విప్పడానికి వీల్లేని సీల్డ్ హబ్ యూనిట్‌ను (హబ్ అంటే చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగం) నమ్ముకోవడం రెండోది. హబ్ లోపలి గ్రీజును ఎప్పుడూ కొద్దిపాటి ఒత్తిడిలో ఉంచే స్ప్రింగ్ మూతను బిగించుకోవడం మూడోది. వానకాలమంతా నీళ్లలో తిరిగే బండికి మొదటిదే మేలన్నది నా అభిప్రాయం. అది ఎందుకో తెలియాలంటే నీరు లోపలికి ఎలా వెళుతుందో ముందు చూడాలి.

నీటి లోతే బేరింగును పాడుచేస్తుందని చాలామంది అనుకుంటారు గాని, అంతకంటే పెద్ద కారణం వేడి. ఘాట్ రోడ్డులో బ్రేకులు వేసుకుంటూ దిగిన బండి హబ్ బాగా వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి, హబ్‌ను మూసి ఉంచే రబ్బరు సీల్ సందులోంచి కొంత బయటకు పోతుంది. అదే హబ్ నేరుగా చల్లటి వాగులో మునిగితే మిగిలిన గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. 80 డిగ్రీల గాలి 25 డిగ్రీలకు చల్లబడితే దాని ఒత్తిడి సుమారు 16 శాతం పడిపోతుంది, అంటే దాదాపు మీటరున్నర లోతు నీటి ఒత్తిడికి సమానమైన శక్తి నీటిని లోపలికి లాగుతుందన్నమాట. బండి దిగిన వాగు అర మీటరు లోతే అయితే, ఆ లోతు వల్ల వచ్చే ఒత్తిడి ఇందులో మూడో వంతే. అందుకే ఏ రకం హబ్ ఉన్న బండి అయినా ఒడ్డున కాసేపు ఆపి, చేత్తో తాకగలిగేంత చల్లబడనిచ్చి నీళ్లలో దించాలి. పైసా ఖర్చు లేని ఈ పనికి సాటివచ్చే సీల్ ఏదీ లేదు.

ఇక సీల్ సంగతి. మామూలు ఆయిల్ సీల్‌లో స్ప్రింగ్ బిగించిన లిప్ (షాఫ్టును ఒరుసుకునే రబ్బరు అంచు) లోపలి వైపు చూస్తూ ఉంటుంది. అది గ్రీజు బయటకు రాకుండా ఆపడానికి పెట్టినది కనుక, బయటి నుంచి ఒత్తిడి వస్తే బిగుసుకోకుండా పైకి లేస్తుంది. బయటి వైపు మరో లిప్ ఉన్న డబుల్ లిప్ సీల్ దొరికితే అదే వేయాలి. సీల్ ఎంత కొత్తదైనా, అది రాసుకునే షాఫ్టు మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే నీరు ఆగదు.

విప్పగలిగే హబ్‌లో గ్రీజు ఎంపికే సగం పని. సోడియం సబ్బుతో చేసిన గ్రీజు నీటిలో కరిగిపోతుంది కనుక దాని జోలికి పోకూడదు. పాతకాలపు సాదా కాల్షియం గ్రీజు నీటిని బాగానే తట్టుకుంటుంది గాని 100 డిగ్రీల దరిదాపుల్లోనే కరిగి కారిపోతుంది కాబట్టి బ్రేకుల పక్కన ఉండే హబ్‌కు పనికిరాదు. లిథియం గ్రీజు అప్పుడప్పుడూ తడిసే బండికి సరిపోతుంది. నీటిని, వేడిని, తుప్పును మూడింటినీ నిలువరించగలిగేది కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ గ్రీజు. ధర ఎక్కువే అయినా ఒక హబ్‌కు పట్టేది కొద్దిగానే. పాత గ్రీజు మీద కొత్తరకం పూయకుండా, డీజిల్‌తో పూర్తిగా కడిగి, ఆరబెట్టాకే పెట్టాలి, ఎందుకంటే పొత్తు కుదరని రెండు గ్రీజులు కలిస్తే పలచబడి కారిపోవచ్చు. అరచేతిలో గ్రీజు వేసుకుని, బేరింగు వెడల్పు అంచును దానిలోకి అదుముతూ, రోలర్ల మధ్య నుంచి అవతలి అంచుకు గ్రీజు పొంగి వచ్చేదాకా చుట్టూ తిప్పుతూ నింపాలి. పైపైన పూస్తే రోలర్ల వెనుక ఖాళీ మిగిలి నీటికి చోటవుతుంది.

విప్పడంలో ఉన్న అసలు లాభం కంటితో చూడగలగడం. నీరు చేరిన గ్రీజు పాల టీ రంగుకు తిరుగుతుంది. తడిసిన బండిని కొన్ని రోజులు కదపకుండా నిలిపి ఉంటే బయటి కప్పు (రోలర్లు దొర్లే బయటి ఉక్కు వలయం) మీద రోలర్ల మధ్య ఎంత ఎడం ఉందో అంతే ఎడంతో నల్లటి గీతలు కనిపిస్తాయి. రోలరు ఆనుకున్న చోట నీరు నిలిచి ఉక్కును తినేసిన గుర్తులవి. ఆ గీతలు గోటికి తగిలితే కోన్‌నూ (రోలర్లున్న లోపలి వలయం) కప్పునూ కలిపే మార్చాలి. తిరిగి బిగించేటప్పుడు నట్టును ఎంత బిగించాలో, ఎంత వదులు చేయాలో ఆ బండి మాన్యువల్‌లో చూసి చేయాలే తప్ప అంచనాతో చేయకూడదు.

సీల్డ్ యూనిట్‌కు ఈ బాధలేవీ లేవు. ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి, రెండు వైపులా సీల్ వేసి, సర్దుబాటు కూడా ముందే చేసి వస్తుంది. ఏడాదిలో ఒకటి రెండు వాగులు దాటే కుటుంబానికి నేను దీన్నే సూచిస్తాను. కానీ లోపలికి నీరు వెళ్లిందో లేదో తెలిసే దారి లేదు, మోత వినిపించే సరికి యూనిట్ మొత్తం మార్చక తప్పదు. తడిసినా కడిగి కాపాడుకునే అవకాశం లేకపోవడమే నిత్యం నీళ్లలో తిరిగే బండికి దీని లోపం. బురద వదిలించాలని ప్రెషర్ వాషర్ నాజిల్‌ను హబ్ దగ్గరగా పెట్టి కొట్టడం వల్ల, వాగు చేయని హాని వాషింగ్ సెంటర్‌లో జరుగుతుంది.

స్ప్రింగ్ మూత పడవల ట్రైలర్ల కోసం వచ్చింది. సుమారు 0.2 బార్ ఒత్తిడితో గ్రీజును లోపలి నుంచి నెడుతుంది కాబట్టి, పైన చెప్పిన 16 శాతం లోటును లెక్క ప్రకారం పూడ్చగలదు. ఇంజన్ శక్తి అందని చక్రాలకు ఇది చక్కటి ఉపాయం, బండి వెనుక లాగే ట్రైలర్‌కు తప్పక వేసుకోదగినది. ఫోర్ వీల్ డ్రైవ్ ముందు చక్రాల్లో మాత్రం మూత ఉండాల్సిన చోట ఇంజన్ శక్తిని చక్రానికి అందించే లాకింగ్ హబ్ లాంటి భాగం ఉంటుంది కనుక బిగించే వీలే లేదు. గ్రీజు గన్‌తో అతిగా కొడితే వెనుక సీల్ దాటిన గ్రీజు బ్రేకు లైనింగులకు అంటుకుంటుంది.

ఏ హబ్ ఉన్నా, వాగు దాటి ఇంటికి చేరాక జాకీ మీద చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపి చూడాలి, ఆపై తిప్పుతూ మోత వినాలి. టేపర్ బేరింగులైతే హబ్ మునిగిన దారి తర్వాత ఆ వారంలోనే ఒక చక్రం విప్పి చూసి, గ్రీజు రంగు మారి ఉంటే అలాంటి బేరింగులున్న మిగతా చక్రాలూ విప్పాలి.